అగ్దాల్‌కి కాపలా మా వదిన

మా వదినకు పేరు పెట్టినవాళ్ళకో దండం పెట్టాలి. తలైత్మాస్ అంటే మా భాషలో అన్నదమ్ములున్న పిల్ల అని అర్థం. తీరా చూస్తే ఆమెకు ఒక్క అన్నా లేడు, ఒక్క తమ్ముడూ లేడు. ముందు ఆ పేరు పెట్టేస్తే వెనకాల మగపిల్లలు వరసగా పుట్టుకొస్తారని వాళ్ళ అమ్మానాన్నల ఆశ. ఎవరూ పుట్టలేదు. మా అన్న మొహాను పెళ్ళి చేసుకుని మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెను ఏడిపించడానికి నాకు ఆ పేరొక్కటి చాలు. "ఏం వదినా, పండక్కి మీ అన్నదమ్ములు రాలేదా?" అనేదాన్ని. "దారిలో ఉన్నార్లే యామ్నా. నీకు మొగుడు దొరికేలోపు వచ్చేస్తారు" అనేది. నాకు అప్పటికింకా మొగుడు దొరకలేదు. ఇక నోరు మూసుకునేదాన్ని.

మనిషి పొట్టి. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. గొంతు మాత్రం ఈ కొండ మీద పిలిస్తే ఆ కొండ మీద గొర్రె తలెత్తి చూస్తుంది. చదువు లేదు. రొట్టె బాగా కాలుస్తుంది, తివాచీ నేస్తుంది, ఎవరింట్లో కాన్పయినా పిలవకుండానే వెళ్తుంది. ఇలాంటి ఆడవాళ్ళు మా అట్లాస్ కొండల్లో ఊరికి పదిమంది ఉంటారు. ఆమె గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆ సి మాతీ అనే పెద్దమనిషి కూడా ఆమెను అలాగే అనుకున్నాడు. పదిమందిలో ఒకతె, ఒక్క కసురు కసిరితే ఇంట్లో కూర్చుంటుందనుకున్నాడు.

మా ఐత్ ఇద్దర్ తెగవాళ్ళకు ఊరి పైన, దేవదారు అడవి అంచున, ఒక అగ్దాల్ ఉంది. అందరిదీ అయిన గడ్డి మైదానం. మధ్యలో నీటి ఊట. ఆ ఊట నీళ్ళే కాలవలో దిగి మా ఊరి బార్లీ చేలను తడుపుతాయి. మంచు కరగగానే అగ్దాల్‌ను మూసేస్తాం. కంచె ఉండదు, తలుపు ఉండదు. హద్దుల్లో రాళ్ళ కుప్పలు పేరుస్తాం, అంతే. గడ్డి పెరిగి, పూసి, గింజ రాలేదాకా ఎవరి గొర్రే అందులో మూతి పెట్టకూడదు. వేసవిలో పెద్దలు కూర్చుని ఒక రోజు చెబుతారు. ఆ రోజు పొద్దున్నే ఊరంతా మందలతో ఒక్కసారిగా లోపలికి పోతాం. డబ్బున్నవాడికీ లేనివాడికీ అదే రోజు. ముందే ఎవడైనా తొందరపడితే ఊరంతటికీ భోజనం పెట్టాలి. మా మేనమామ ఒకసారి అలా పెట్టి, ఏడాది పాటు సంతకు కూడా పోలేదు సిగ్గుతో.

హద్దుల కాపలా మా అన్న మొహాది. దగ్గొచ్చి అన్న పోయాక ఆ పని మళ్ళీ ఎవరికివ్వాలా అని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. వదిన అన్న చేతికర్ర పట్టుకుని వెళ్ళి కూటమిలో నిలబడింది. ప్రభుత్వం దగ్గర మా తెగ తరఫున వేలిముద్ర వేసే ప్రతినిధి జైద్ మామ మొహం చిట్లించాడు. "ఇది మగాళ్ళ పనమ్మా." "గడ్డికి తెలుస్తుందా మామా, కాపలా కాసేది మగో ఆడో?" అంది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు కాదనలేకపోయారు. అప్పట్నుంచి అగ్దాల్ కాపలా మా వదినే.

ఇంతలో ఈ సి మాతీ దిగబడ్డాడు. కొండల కింది పల్లపు సీమ నుంచి వచ్చాడు, పెద్ద కారు, పెద్ద పొట్ట. కింద రెండు లోయల్లో అప్పటికే ఆపిల్ తోటలు వేశాడు. బోర్ల మీద బోర్లు దింపాడు. ఆ లోయల్లో ఊటలు ఎండిపోయాయి, జనం మూటాముల్లె సర్దుకుని పట్నం పోయారు. ఇప్పుడు వాడి కన్ను మా అగ్దాల్ మీద పడింది. జైద్ మామకు ఏం ఆశ పెట్టాడో ఏమో, అగ్దాల్ మొత్తం కౌలుకిస్తున్నట్టు ఆ ముసలాడు కాగితం మీద బొటనవేలు నొక్కేశాడు. ఊళ్ళో ఒక్కరినీ అడగలేదు. ముందు కంచె, తర్వాత బోరు, తర్వాత చెట్లు. తెలిసిన రోజు నేను జైద్ మామ ఇంటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. తలుపు తియ్యలేదు, వెధవ.

వదిన తిట్టలేదు. నడిచి నడిచి ప్రభుత్వ అధికారి ఖాయిద్ ఆఫీసుకు పోయింది. ఆ అధికారి తలెత్తకుండానే, "నీ మొగుణ్ణి పంపు, ఆడవాళ్ళతో నాకేం మాటలు?" అన్నాడట. "ఆయన రాడు బాబూ, గోరీలో ఉన్నాడు. మీకంత అవసరమైతే మీరే వెళ్ళి పిలవండి" అని అక్కడే గుమ్మం దగ్గర కూర్చుందట. పొద్దుగుంకేదాకా కూర్చుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు వెంట వెళ్ళారు, ఆ తర్వాత ఇంకొందరం. సి మాతీకి ఒళ్ళు మండింది.

అప్పుడు మొదలయ్యాయి బెదిరింపులు. ముందు మా వదిన కుక్క బర్గీ నోట్లో నురగతో గడప ముందు పడి ఉంది. ఎవరో విషం కలిపిన మాంసం వేశారు. తర్వాత ఒక పొద్దున తలుపు గొళ్ళేనికి గొర్రె తలకాయ వేలాడుతోంది. వదిన దాన్ని విప్పి, అడవి వైపు తీసుకెళ్ళి పాతిపెట్టి వచ్చి, గుమ్మం కడిగి, నాకు టీ పెట్టింది. టీలో పుదీనా వెయ్యడం మర్చిపోయింది. అలా ఎప్పుడూ మర్చిపోయేది కాదు.

ఫోనొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వదిన పిండి పిసుకుతోంది. చేతులు ఖాళీ లేక, "ఎవరో చూడు యామ్నా" అంది. నేను నొక్కి, గొంతు బయటికి వినబడేలా పెట్టాను.

"ఏయ్ ముసల్దానా! విను. రేపో మాపో సి మాతీ గారి తోటలోకి గొర్రెల్ని తోలతావంటగా. ఆ రోజు నువ్వు అటు అడుగేశావో, రెండు కాళ్ళూ విరగ్గొడతా!"

కుర్ర గొంతు. మన కొండ భాషే. అది నాకు ఎక్కువ మండింది.

వదిన పిండి మీంచి చెయ్యి తియ్యలేదు. "ఏ కాలు ముందు నాయనా? ఎడమది ఎలాగూ పనికిరాదు, దాంతో మొదలెట్టు."

"వేళాకోళంగా ఉందా?"

"లేదయ్యా. నీ గొంతు విని అడుగుతున్నా. అన్నం తిన్నావా? తినకుండా అరిస్తే కళ్ళు తిరుగుతాయి."

వాడు ఫోను పెట్టేశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వి నవ్వి వదిన వైపు తిరిగితే, ఆమె ఆ పిండిని పిసికిందే పిసుకుతోంది.

"భయమేస్తోంది యామ్నా" అంది.

"అయితే మానెయ్! ఎవరికోసం నీకీ గొడవ? జైద్ మామే అమ్ముకున్నాడు, మగాళ్ళంతా నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చున్నారు. నీ ఒక్కదానికే పట్టిందా?"

"ఊట పోతే చేలు పోతాయి. చేలు పోతే మనం పట్నం పోవాలి. అక్కడ నేనేం చేస్తాను, ఎవరింట్లోనో అంట్లు తోముతానా? మీ అన్న గోరీ దగ్గర ఎవరుంటారు?" అంది. కళ్ళు తుడుచుకుంటే మొహమంతా పిండి అయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. కోపంలో ఒక మాట అనేశాను.

"ఐత్ బూజర్ వాళ్ళని అడుగు. అడిగితే కాదనలేరు."

ఐత్ బూజర్ వాళ్ళు కొండ శిఖరానికి అవతలివాళ్ళు. మా తాతల తాతల కాలంలో మాకూ వాళ్ళకూ రక్తాలు పారేంత పోట్లాటలు. చివరికి విసిగిపోయి ఒకచోట కూర్చున్నారు. మా తల్లులు వాళ్ళ పిల్లలనూ, వాళ్ళ తల్లులు మా పిల్లలనూ ఎత్తుకుని పాలిచ్చారు. మగాళ్ళు చెప్పులు విడిచి రెండు దుప్పట్ల కింద రెండు కుప్పలు పోశారు. ఇటొకటి అటొకటి చెప్పు లాగితే, ఎవరి చెప్పు ఎవరి చెప్పుతో జత వచ్చిందో వాళ్ళిద్దరూ అన్నదమ్ములు. ఆ పాల ఒప్పందాన్ని మేము తాదా అంటాం. అది ఆ తరంతో పోదు, పిల్లల పిల్లలకూ ఉంటుంది. తాదా మనిషి ఏదడిగినా కాదనకూడదు. చెయ్యెత్తకూడదు. పెళ్ళి సంబంధం కలుపుకోకూడదు, ఒకే తల్లి పాలు కదా. అందుకే సంతలో వాళ్ళు ఎదురైతే మేము పక్కకు తప్పుకుంటాం, వాళ్ళూ తప్పుకుంటారు. ఒక టీ కొట్టులో కలిసి కూర్చోం. వాళ్ళ పొలాల వైపు ఊరికే పోం. చిన్నప్పుడు నేనొకసారి వాళ్ళ ముసలమ్మ బుట్టలో అంజీర పళ్ళకేసి చూశానని మా నాన్న చెవి మెలేశాడు. చూస్తే బుట్టంతా ఇచ్చేస్తుందని భయం.

వదిన నా మాట విని ఒంటికాలి మీద లేచింది. "సిగ్గు లేదా నీకు? కాదనలేరు కాబట్టే అడగకూడదు! మన తగువుకి వాళ్ళ పిల్లల ఎముకలు విరగాలా? ఇంకోసారి ఆ మాటంటే నీకు నా ఇంట్లో టీ లేదు."

ఆ మాట మళ్ళీ అనలేదు. ఆ టీ నాకు కావాలి.

తెరిచే రోజు వచ్చింది. పొద్దున్నే మందలతో బయల్దేరాల్సిన ఊరు సగం తలుపులు వేసుకుంది. మగాళ్ళకు ఉన్నట్టుండి నడుం నొప్పులొచ్చాయి. వదిన మాత్రం పండక్కి కప్పుకునే చారల ఉన్ని దుప్పటి భుజాన వేసుకుని, అన్న చేతికర్ర పట్టుకుని, తన మేకలూ గొర్రెలూ తోలుకుని నడిచింది. వెనక నేను, నా వెనక ఇంకొందరు ఆడవాళ్ళు. దారి పొడవునా జైద్ మామను తిడుతూనే ఉన్నాను, ధైర్యం కోసం.

అగ్దాల్ హద్దు దగ్గర మా రాళ్ళ కుప్పలు తన్ని పారేశారు. ఇనప స్తంభాలు పాతి ముళ్ళ తీగ లాగారు. లోపల, ఎవరూ అడుగు పెట్టకూడని గడ్డిలో, లారీ నిలబడి ఉంది. ఆ గడ్డి చక్రాల కింద నలిగిపోయి ఉంది. తీగకు అవతల కర్రలు పట్టుకుని మనుషులు, ఎక్కువమంది కుర్రాళ్ళే. వాళ్ళ మధ్య తెల్లగడ్డం ముసలాడొకడు. ముందు సి మాతీ మేస్త్రి లహ్బీబ్, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, రాజు బావమరిదిలా నిలబడి ఉన్నాడు.

"ఇది సి మాతీ గారి స్థలం. వెనక్కి పొండి" అన్నాడు.

వదిన వాడికేసి చూడనే లేదు. తీగ దగ్గరిదాకా పోయి ఆ కుర్రాళ్ళకేసి చూసింది. ఆ గొంతు ఎత్తింది.

"ఇందులో నా కాళ్ళు విరగ్గొడతానని ఫోను చేసిన అబ్బాయి ఎవరయ్యా? వచ్చాను. కాళ్ళు రెండూ తెచ్చాను."

ఒక కుర్రాడు, సన్నగా, మీసం కూడా సరిగా రానివాడు, కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. లహ్బీబ్ వాడి వీపు మీద చరిచాడు. "ఏంట్రా మిమూన్, నంగిలా నిలబడ్డావ్? పో, తరుము!"

మిమూన్ తీగ దాటి వచ్చాడు. కర్ర ఎత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. నా చెవికి వదిన మాట వినబడింది. కొత్త మనిషి కనబడితే మా కొండల్లో ఎవరైనా అడిగే మాటే, అరుపు లేకుండా, రొట్టె తింటావా అని అడిగినంత మామూలుగా.

"ఎవరి బిడ్డవి నాయనా?"

కర్ర ఎత్తినవాడైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండడు మా దగ్గర. "ఐత్ బూజర్" అన్నాడు.

నేను కళ్ళు తెరిచాను. మా ఆడవాళ్ళలో ఒకామె "అయ్యో!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వదిన మొహం పాలిపోయింది. కర్రను చూసి రాని భయం ఆ మాట విని వచ్చింది. గబగబా రెండడుగులు వెనక్కి వేసింది, సంతలో తప్పుకున్నట్టే.

తెల్లగడ్డం ముసలాడు తీగ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మీరెవరమ్మా? తల్లీ, మీరెవరి మనుషులు?"

"ఐత్ ఇద్దర్" అంది వదిన.

ముసలాడి చేతిలోంచి కర్ర జారింది. అక్కడికక్కడే వంగి చెప్పులు విడిచాడు. వెనక ఒకడి తర్వాత ఒకడు చెప్పులు విడిచారు, బూట్లున్నవాళ్ళు లేసులు విప్పుకుంటూ తడబడ్డారు. మిమూన్ మాత్రం ఎత్తిన చెయ్యి దింపడం మర్చిపోయాడు. ముసలాడు వచ్చి వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"దరిద్రుడా! ఎవరి మీద ఎత్తావురా చెయ్యి? మీ తాతల తాతలు తాగిన పాలు ఎవరివిరా?"

మిమూన్ వదిన కాళ్ళ ముందు కూలబడ్డాడు. ఏ కాళ్ళు విరగ్గొడతానన్నాడో ఆ కాళ్ళే పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నాకు తెలీదక్కా! గొర్రెల దొంగముండ ఎవత్తో దారినపోయేది ఆయన తోటలోకి దూరుతోందని చెప్పారు. నువ్వు తాదా మనిషివని తెలిస్తే నాలుక కోసుకునేవాణ్ణి!"

"లే, లే. చెప్పాను కదా, తినకుండా అరవొద్దని" అంది వదిన. ఆమె కూడా ఏడుస్తోంది.

లహ్బీబ్‌కు ఏమీ అర్థం కాలేదు. "ఏంటి నాటకాలు? కూలికొచ్చారా, ఏడవడానికొచ్చారా?" అని గెంతుతున్నాడు. తర్వాత తెలిసింది. సంతలో టీ కొట్టు ముందు కూర్చుని సి మాతీ మమ్మల్నీ వాళ్ళనీ చాలాసార్లు చూశాడట. ఎదురైతే తప్పుకుంటారు, కలిసి కూర్చోరు, పిల్లనిచ్చుకోరు. ఇంకేం, బద్ధ శత్రువులు అనుకున్నాడు. మమ్మల్ని తన్నడానికి వీళ్ళకన్నా మంచివాళ్ళు దొరకరని, పల్లపు సీమలో ఆలివ్ కాయలు కోసే ఐత్ బూజర్ కుర్రాళ్ళను ఏరి ఏరి లారీ ఎక్కించాడు. ఏ ఊరో ఎవరి భూమో చెప్పలేదు. మా అగ్దాల్ వాళ్ళెప్పుడూ చూడలేదు. గౌరవంతో దూరంగా ఉండటాన్ని పగ అనుకున్నవాడికి ఏ చదువు చదివితే ఏం లాభం!

ముసలాయన పేరు ఇచ్చూ. వట్టి కాళ్ళతో వదిన ముందు నిలబడి, "అడుగు తల్లీ. ఏదైనా అడుగు. అడక్కపోతే ఈ తప్పుతో మేం ఇంటికి పోలేం" అన్నాడు.

ఎన్నడూ అడగకూడదన్న మనిషి మా వదిన. ఆ లహ్బీబ్ పళ్ళు రాలగొట్టమను, లారీ తగలబెట్టమను అని నా మనసు అరుస్తోంది. వదిన కాసేపు గడ్డి వైపు చూసింది.

"ఈ తీగ పీకెయ్యండి. మీ చేత్తోనే. ఆ తర్వాత మా మందల వెనక మీరూ రండి. ఊట దగ్గర కూర్చుని రొట్టె తిని పోదురు."

"అంతేనా?" అన్నాడు ఇచ్చూ.

"అంతే. ఇంకేం కావాలి నాకు?"

పీకారు. ఎంత కసిగా పీకారంటే చేతులు చీరుకుపోయాయి. లహ్బీబ్ నల్ల కళ్ళద్దాలు ఎక్కడో పడిపోయాయి, వెతుక్కోకుండానే లారీ ఎక్కి పోయాడు. ఊళ్ళోకి కబురు ఎలా చేరిందో గానీ నడుం నొప్పులన్నీ ఒక్క దెబ్బతో తగ్గిపోయాయి. మగాళ్ళు మందలతో పరుగెత్తుకొచ్చారు, పిల్లలు, ముసలాళ్ళు, చివరికి మా మేనమామ కూడా. వదిన ముందు నడిచి మొదటి గొర్రెను గడ్డిలోకి తోలింది. నేను గొంతు చించుకుని ఉల్లాసకేక వేశాను. మా ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆ కేక అవతలి కొండకు వినబడి ఉండాలి.

అక్కడితో అయిపోలేదు. వాళ్ళ పెద్దలు కొండ దిగి వచ్చారు, మా పెద్దలు ఎదురెళ్ళారు. రెండు తెగలూ కలిసి ఖాయిద్ ఆఫీసు ముందు కూర్చున్నాయి. నేలంతా జనం. ఆ ఖాయిద్ ఈసారి తలెత్తాడు. మా వదినకు కుర్చీ వేయించాడు. "నా మొగుడికి వేయించండి, మాటలు ఆయనతోనేగా" అంది వదిన, కుర్చీలో కూర్చుంటూనే. నేను నవ్వుతుంటే మా ఆయన మోచేత్తో పొడిచాడు. జైద్ మామ వచ్చి అందరి ముందూ తన వేలిముద్ర వెనక్కి తీసుకున్నాడు. ఊరిని అడక్కుండా వేసిన ముద్ర చెల్లదని పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. సి మాతీకి బోరు దింపడానికి మా వైపు కూలీ దొరకలేదు, వాళ్ళ వైపూ దొరకలేదు. ఆ కారు మళ్ళీ మా దారిన రాలేదు.

అగ్దాల్‌ను ముందే తొక్కించినందుకు జైద్ మామ ఊరంతటికీ భోజనం పెట్టాడు. పొట్టేలును కోయించాడు. కుస్‌కుస్ రవ్వ మీద నిలవ నెయ్యి తక్కువైందని నేను అందరికీ వినబడేలా చెప్పాను. రెండోసారి వడ్డించుకుని మరీ చెప్పాను.

ఆ భోజనం రోజునే ఐత్ బూజర్ పెద్దలు పాత ఒప్పందం కొత్తగా కట్టుకుందామన్నారు. దుప్పట్లు పరిచారు. మగాళ్ళు చెప్పులు విడిచి రెండు కుప్పలు పోశారు. మా వదిన మా కుప్ప దగ్గరికి వెళ్ళి తన అరిగిపోయిన ప్లాస్టిక్ చెప్పు, ఎడమ కాలిది, అందులో పడేసింది. ఆడదాని చెప్పేమిటని ఎవరూ అనలేదు. ఇచ్చూ దుప్పటి కింద చెయ్యి పెట్టి లాగాడు. అవతలి కుప్పలోంచి దానికి జతగా వచ్చిన చెప్పు ఎవరిదో చెప్తే నమ్మరు. మిమూన్‌ది. వాడు సిగ్గుతో ఎవరి వెనకో దాక్కుంటే లాక్కొచ్చి నిలబెట్టారు. ఇచ్చూ కావాలని ఏరి లాగాడని నా అనుమానం. వదిన మాత్రం ఒప్పుకోదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం, వదిన పిండి పిసికే వేళకు, ఫోను మోగుతుంది. బెదిరింపు వచ్చిన నంబరే అది. నేనే నొక్కి గొంతు బయటికి పెడతాను.

"అక్కా, మిమూన్‌ని. కాలెలా ఉంది?"

"ఉందిరా, రెండూ ఉన్నాయి. అన్నం తిన్నావా?"

"తిన్నానక్కా. ఏమన్నా కావాలా?"

"ఏమీ వద్దురా" అంటుంది. ఎప్పుడూ అదే మాట. ఫోను పెట్టేశాక నావైపు తిరిగి, చేతికంటిన పిండి దులుపుకుంటూ, "చూశావుగా యామ్నా, దారిలో ఉన్నారని చెప్పాను" అంటుంది. నేను టీ తాగి వచ్చేస్తాను.